పెద్దత్తను తీసుకుపోయింది ఆ రోగం కాదు

మా పెద్దత్త చనిపోయి ఇంకా నెల కాలేదు. ఇంత తొందరగా ఆమె గురించి రాస్తానని నేను అనుకోలేదు. ఏడాది గడిచాక, ఇంట్లో వాళ్ళ దుఃఖం కొంచెం ఆరాక నింపాదిగా రాసుకుందాంలే అనుకున్నాను. కానీ ఇప్పుడే రాయాల్సి వచ్చింది. ఎందుకో ముందే చెప్తాను. పెద్దత్తను పేగు క్యాన్సరే మింగిందని మా ఊరంతా అనుకుంటున్నారు. అది నిజం కాదు. ఆ మాట నమ్మి, మా వీధిలో ఉండే దర్జీ అక్క తన ఆపరేషన్‌కు పోనని మొండికేసింది. ఆమెకూ అదే రోగం. ఉగాది అయిన వారానికి ఆమెను బళ్లారి ఆస్పత్రిలో చేరమన్నారు. అంతలోగా జరిగింది జరిగినట్టు చెప్పాలి.

మాది కర్ణాటకలో సిరుగుప్ప పక్కన కాలువ కింది ఊరు. రెండో పంట నాట్లు జరుగుతున్న రోజులు. ఆ పొద్దున పెద్దత్త గట్టు మీద కూర్చుని నారు కట్టలు తిరగేసి చూస్తూ ఒకామెను తిడుతూ ఉందట. "ఇదేం కట్ట మే? పెండ్లికూతురి జడ మాదిరి ఇంత వదులుగా కడితే నీళ్ళలో..." అని మధ్యలో ఆగింది. మా అత్తకు తిట్లలో ఎన్నడూ మాట కరువు లేదు. అందుకే మడిలో ఉన్న ఆడవాళ్ళంతా ఒక్కసారి తలలెత్తి చూశారు. ఆమె గట్టుకు వెనక్కి ఆనుకుని ఉంది. కట్ట ఇంకా చేతిలోనే ఉంది. ఆటోలో తాలూకా ఆస్పత్రికి తీసుకుపోయేసరికే అంతా అయిపోయింది. గుండె ఆగిందని అక్కడి డాక్టరు చెప్పారు.

మూడోనాడు ఇంట్లో కూర్చున్న ఆడవాళ్ళ మాటలు ఇట్లా సాగాయి.

"ఎన్ని తూర్లు రక్తం తీయించుకునె పాపం. ఏమాయె చివరికి?"

"కోయించుకునిందే తప్పు మే. ఇనుము తగిలితే ఆ రోగం రేగుతాదంట. మా తమ్ముని అత్త చెప్తాండె."

"గుండె అంటారు, వాళ్ళకేం. లోపల ఉండేది ఉండినట్లే ఉండి పైకి పాకిండాది."

నేను ఊరుకోలేక, "లేదు పెద్దమ్మా, దీపావళి అయినాక తీసిన రక్తం కూడా బాగుండింది. స్కాను కూడా బాగుండింది" అన్నాను.

"నువ్వు చదువుకున్న పాపవి, కాగితం చూసి చెప్తాండావు. మేము మనిషిని చూసి చెప్తాండాము" అన్నారు.

వాకిలి దగ్గర దర్జీ అక్క కూర్చుని ఉంది. అంతా వినింది. లేచి, కాళ్ళు కడుక్కొని, ఇంటికి పోయింది. మరునాడు ఆమె మొగుడు మా నాయన దగ్గరికి వచ్చి, "ఆపరేషన్ వద్దంటాండాదప్పా, ఏం చేసేది?" అని తల పట్టుకుని కూర్చున్నాడు.

ఇప్పుడు మా పెద్దత్త ఎట్లాంటి మనిషో చెప్పాలి. మా నాయనకు పెద్దక్క. మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒకటే గోడ. మామను నేను చూడలేదు, నేను పుట్టకముందే పోయాడు. నాట్లు వేసే ఆడవాళ్ళ గుంపుకు ఆమె మేస్త్రి. ఎవరి పొలంలో ఎప్పుడు దిగాలి, వరసలో ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎవరి నడుం నొప్పి నిజం, ఎవరిది దొంగ నొప్పి, అన్నీ ఆమే తేల్చేది. సద్ది తినేటప్పుడు ఉల్లిగడ్డను గట్టు రాయి మీద పెట్టి పిడికిలితో ఒక్క దెబ్బ వేసేది. కత్తితో కోస్తే రుచి ఉండదని ఆమె నమ్మకం. ఎండలో కొంగు నెత్తిన కప్పుకోమంటే, "నా నెత్తికి ఎండ అలవాటు, ఎండకే నేను కొత్త" అని అర్థం లేకుండా ఏదో అని నవ్వేది.

మా ఇంట్లో బడి పూర్తి చేసింది నేనే మొదలు. దానికి కూడా ఆమే కారణం. నాట్ల కాలంలో మా బడిలో ఆడపిల్లలు సగం మంది కనపడేవారు కాదు. నన్ను కూడా ఒక్క రోజు మడిలోకి దింపారు. సాయంత్రం పెద్దత్త నేను నాటిన చోటు చూసి మా నాయనతో, "నీ కూతురి నాటు పాము పోయినట్ల పోయిండాది. దాని ఎనక మళ్ళ నేను నాటుకుంటా రావల్ల. బడికి పంపు, నాకి పని తగ్గుతాది" అంది. మళ్ళీ ఎన్నడూ నన్ను దిగనివ్వలేదు. నా నాటు నిజంగా అంత వంకరగా ఉందా అని చాలా ఏళ్ళ తర్వాత అడిగాను. "ఏమో, ఎవరికి గుర్తుండాది" అంది.

మా బడి కన్నడ. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది మాత్రం క్యాంపు నుంచి వచ్చిన పాత పేపర్లలో. కోస్తా వైపు నుంచి వచ్చి కాలువ కింద వరి చేసుకునే వాళ్ళ ఊర్లను మేము క్యాంపులంటాం. అక్కడికి పనికి పోయినప్పుడు పెద్దత్త, "రొట్టెలు చుట్టుకునేకి పాత పేపరుంటే ఇయ్యప్పా" అని అడిగేది. ఆమె రొట్టెలు ఎప్పుడూ గుడ్డలోనే చుట్టుకునేది. పేపరు నాకు తెచ్చిచ్చేది.

ఆమెకు రోగం వచ్చిందని మాకు చాలా రోజులు తెలియలేదు. దొడ్డికి పోతే రక్తం పడేదట. వేడి చేసింది అనుకుంది. రోజంతా వంగి పని చేసేవాళ్ళకు మొలలు మామూలేనని గుంపులో ఆడవాళ్ళూ అన్నారు. మజ్జిగ తాగింది, సబ్జాలు నానబెట్టుకుని తాగింది, ఎవరో ఇచ్చిన వేరేదో నూరుకుని మింగింది. మనిషి చిక్కిపోతుంటే, "ముసలితనం మాంసం తినేస్తాండాది, తిననీ" అంది. ఒకరోజు నారు మోస్తూ కళ్ళు తిరిగి పడితే సిరుగుప్పలో చూపించాం. ఒంట్లో రక్తం సగానికి తగ్గిందన్నారు. అక్కడి నుంచి బళ్లారి పోతే కెమెరా గొట్టం పెట్టి పేగు చూశారు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సర్ అని తేలింది.

అక్కడి డాక్టరు వయసులో చిన్నవాడు. కన్నడలో మాట్లాడేవాడు, మధ్యమధ్యలో మా కోసం తెలుగు కలిపేవాడు. పెద్దత్తను అజ్జి, అంటే అవ్వ, అని పిలిచేవాడు. ఆపరేషన్‌కు ముందు స్కానుతో పాటు ఒక రక్త పరీక్ష రాశాడు. సీఈఏ అంటారు దాన్ని. పెద్దత్తకు అది నచ్చలేదు.

"ఎట్లాగూ కోస్తారు గదా డాక్టరప్పా, ఉండేదే రవ్వంత రక్తం. అదీ తీసుకునేది యాలప్పా?"

"అజ్జి, ఈ గడ్డలు కొందరిలో రక్తంలోకి ఒక పదార్థం వదులుతాయి. ఇప్పుడు అది ఎంత ఉందో చూసి పెట్టుకుంటే, గడ్డ తీసినాక తగ్గిందా లేదా అని తెలుస్తుంది. మళ్ళీ ఎప్పుడైనా పెరిగితే మనకు ముందుగా అనుమానం వస్తుంది. ఇది ఒక్కటే చూసి రోగం ఉంది, లేదు అని చెప్పం."

పెద్దత్త నా వైపు తిరిగింది. "ఏరు వచ్చినప్పుడు గోడ మీద గీత గీస్తారు చూడు, అట్లా. నీళ్ళు దిగినాయా లేదా అని తెల్లాలంటే ముందు యాడిదాకా వచ్చినాయో తెల్లాల గదా" అంది. అని చేయి చాపింది.

మామూలుగా ఐదు లోపల ఉండాల్సిన నంబరు ఆమెకు ముప్పై దాటింది. నాకు భయమేసింది. ఆమెకు చెప్తే, "గీత గీసిరి గదా, ఇంగ నీళ్ళ సంగతి చూస్తాం" అంది.

ఆపరేషన్ రోజుల్లో గుంపు ఆడవాళ్ళు వంతులు వేసుకుని బస్సులో బళ్లారికి వచ్చేవారు. మా గుంపులో ఒక పద్ధతి ఉంది. ఒకామె పనికి రాలేకపోతే వరసలో ఆమె జాగా ఖాళీగా వదలరు. పక్కనున్న ఇద్దరూ చేతులు ఇంకొంచెం బార చాపి ఆమె వంతు కూడా నాటేస్తారు. ఆస్పత్రిలో కూడా అట్లే చేశారు. నేను కాలేజీకి పోతే ఒకామె, మా అమ్మ పనికి పోతే ఇంకొకామె. వచ్చేటప్పుడు జొన్నరొట్టె, పుండికూర అనే గోంగూర, చట్నీపొడి కట్టుకుని వచ్చేవారు. రోగికి అవేమీ పెట్టొద్దని నర్సు చెప్పింది.

"రోగికి పెట్టొద్దంటే మేము తింటే ఏమమ్మా?" అని వాళ్ళు మంచం చుట్టూ కూర్చుని తిన్నారు.

పెద్దత్త గంజి తాగుతూ ఆ పుండికూర వైపే చూసింది. "తినండే, తినండి. నాకి ఆయుస్సు ఉంటే మీ అందరిండ్లలో కూర కుండలు నాకుతా" అంది. కుట్లు లాగుతాయని నవ్వకుండా ఉండటానికి పక్కకు తిరిగి దుప్పటి కొరికింది.

కోసిన గాయం మానింది. కొన్ని నెలలు మాత్రలు వాడింది. ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు మళ్ళీ రక్తం తీస్తే నంబరు రెండు చిల్లరకు వచ్చింది. ఆ కాగితం చూసిన రోజు మా నాయన, ఎన్నడూ ఎవరి ముందరా కంటతడి పెట్టని మనిషి, గోడ అవతలికి పోయి ముక్కు చీదుకుని వచ్చాడు.

అప్పటి నుంచి మూడు నెలలకొకసారి బళ్లారి ప్రయాణం మాకు పండగ మాదిరి అయింది. ఆ రోజుకని పెద్దత్త ఒక ఎర్ర చీర ఉతికి మడత పెట్టి ఉంచుకునేది. రక్తం తీసే అమ్మాయితో, "పోయిన తూరి ఈ చేయి, ఈ తూరి ఆ చేయి. రెండూ సమానంగా పని చేసేవే, ఒకదానికే శిక్ష వేయగూడదు" అనేది. అక్కడి నుంచి నేరుగా బస్టాండు దగ్గరికి పోయి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తినేవాళ్ళం. రిపోర్టు సాయంత్రానికి నా ఫోనుకు వచ్చేది. అది వచ్చాక తిందామని నేనంటే ఆమె ఒప్పుకునేది కాదు. "మంచి మాటైనా చెడ్డ మాటైనా ఆకలి మీద వినగూడదు కోడలా" అనేది. ఇప్పుడు ఎవరికైనా ఏదైనా పరీక్ష ఫలితం రావాల్సి ఉంటే నేను ముందు అన్నం తిన్నారా అని అడుగుతున్నాను. అది ఆమె నేర్పిందే.

మూడో ఏడు ఒక సంగతి జరిగింది. ఊర్లో ఆడవాళ్ళు ఆ సంగతి సగమే విన్నారు. అందుకే మిగిలిన సగం వివరంగా రాస్తున్నాను.

నాట్లు అయిపోయాక మా గుంపు ఏటా సరిహద్దు దాటి ఆంధ్రా వైపు మిరప చేన్లలో కాయలు తెంపడానికి పోతుంది. చేను దగ్గరే గుడిసెలు వేసుకుని ఉంటారు. అప్పటికి పెద్దత్త మళ్ళీ పనిలో పడింది. వద్దంటే వినలేదు. రక్తం తీయించుకోవాల్సిన రోజు అక్కడే వచ్చింది. ఒప్పుకున్న చేను వదిలి బళ్లారి రావడం ఆమెకు ఇష్టం లేదు. మధ్యలో చేను వదిలిన గుంపును మరుసటి ఏడు ఎవరూ పిలవరు. "రక్తం నాదే గదా, యాడ తీస్తే ఏముండాది" అని దగ్గరి ఊర్లో ఒక చోట తీయించుకుంది. వాళ్ళు రిపోర్టు నా ఫోనుకు పంపారు. నంబరు ఏడు దాటి ఉంది. పక్కన ఎక్కువ అని లావు అక్షరాల్లో గుర్తు.

నేను ఫోను చేశాను. వెనక మిరప ఘాటుకు ఎవరో దగ్గుతున్నారు.

"దిగే ఉండాదా కోడలా?"

"సద్ది తిన్నావా అత్తా?" అన్నాను.

"ఎక్కిందా?"

"కొంచెం ఎక్కింది అత్తా."

"ఊఁ" అంది. "ఇంగా రెండు సాళ్ళు ఉండాయి. తెంపేసి వస్తా. మీ నాయనకి ఇప్పుడే చెప్పాకు" అంది.

ఆమె ఏడవలేదు. ఊరికి వచ్చి చేసిన పనులు చూసి మేము ఏడ్చాం. మొదట, నాటు తాడు తీసుకుపోయి గుంపులో గొంతు పెద్దగా ఉండే ఒకామె చేతిలో పెట్టింది. సాళ్ళు నేరుగా రావడానికి మడికి అడ్డంగా పట్టే తాడు అది. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మేస్త్రి. "ఇంగ నువ్వే తిట్టల్ల. గొంతు ఉండాది నీకి, మాటలే తక్కువ. నేర్పిస్తా" అని రోజూ సాయంత్రం ఆమెను కూర్చోబెట్టుకుని ఎవరిని ఎట్లా తిట్టాలో చెప్పేది. రెండోది, మైసూర్ పాకు తెప్పించుకుని తినడం మొదలుపెట్టింది. ఎందుకత్తా అంటే, "ఇంగేముండాది, పండ్లు ఉన్నప్పుడే తినల్ల" అంది.

డాక్టరు దగ్గరికి పోయిన రోజు ఆమె అదే ఎర్ర చీర కట్టుకుంది. ఆయన పాత రిపోర్టులన్నీ వరసగా పరిచి చూశాడు. కొత్తది చేతిలోకి తీసుకుని పైన రాసింది చదివాడు.

"ఇది ఎక్కడ తీయించారు అజ్జి?"

"మిరపకాయల కాడ."

"మధ్యలో జ్వరం, దగ్గు ఏమైనా వచ్చిందా? బీడీ అలవాటు ఉందా?"

"నాకి లేదప్పా. నా మొగునికి ఉండె. ఆయప్ప బీడీ తాగితాగి, చివరికి బీడీనే ఆయప్పని తాగేసె."

డాక్టరు నవ్వు ఆపుకుంటూ చెప్పాడు. ఒక్కో ల్యాబులో ఒక్కో రకం మిషను, ఒక్కో రకం మందు ఉంటుందట. అదే రక్తానికి ఒకచోట ఒక నంబరు, ఇంకోచోట ఇంకో నంబరు రావచ్చు. పొగ తాగినా, కాలేయం బాగలేకపోయినా, ఒంట్లో వేరే వాపు ఉన్నా కూడా పెరగవచ్చు. అందుకే ఎప్పుడూ ఒకేచోట తీయించుకుని, ముందటి నంబరుతో పోల్చి చూడాలి. ఒక్కసారి పెరిగిందని రోగం తిరగబెట్టింది అనుకోకూడదు. అట్లాగని వదిలేయనూ కూడదు. మళ్ళీ పరీక్ష చేయాలి, స్కాను కూడా చూడాలి.

పెద్దత్త ముందుకు వంగింది. "డాక్టరప్పా, మిల్లుల్లో వడ్ల తడి చూసే మిషన్లు ఉండాయి గదా. ఒక మిల్లులో తడి ఎక్కువ అంటారు, బండి తిప్పుకుని పక్క మిల్లుకి పోతే తక్కువ అంటారు. వడ్లు అవే, సంచి అదే. అట్లనా?"

"అట్లే అజ్జి. కానీ వడ్లు నిజంగానే తడిసి ఉండొచ్చు కూడా. అందుకే మన మిల్లులోనే ఇంకోసారి చూద్దాం. ఏను ఆగల్ల, ఏమీ కాదు, ధైర్యంగా ఉండండి."

ఆ రోజు బస్టాండు దగ్గర ఉగ్గాని తెచ్చి ముందర పెడితే ఆమె ముట్టుకోలేదు. "నువ్వు తిను కోడలా" అని ప్లేటు నా వైపు తోసింది. నేను దాన్ని పొట్లం కట్టించాను. ఇద్దరం సిరుగుప్ప బస్సెక్కాం. ఊరు సగం దూరంలో ఉండగా ఫోను మోగింది. తెరిచి, పైన పేరు ఆమెదేనా అని మొదట చూసుకున్నాను.

"చెప్పు మే. బస్సులో అందరూ నీ ముఖమే చూస్తాండారు."

"రెండు చిల్లర అత్తా. పాత మాదిరే."

ఆమె కిటికీ కమ్మీ పట్టుకుని కళ్ళు మూసుకుంది. నేను భుజం పట్టుకున్నాను. దేవునికి మొక్కుకుంటోంది అనుకున్నాను. కళ్ళు తెరిచి, "ఇంగ అది నా తాడు వాపసు ఇస్తాదో లేదో" అంది.

పక్క సీటులో గంప పెట్టుకుని కూర్చున్న ఆమె ఏమైందని అడిగింది. అంతే, మా ఊరు వచ్చేదాకా పెద్దత్త ఆ బస్సు మొత్తానికి తన పేగు కథ చెప్పింది. అప్పుడు మాత్రం నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. అంత తేలికగా నా ఒళ్ళు ఎప్పుడూ అనిపించలేదు. కొన్ని రోజులకు స్కాను కూడా తీశారు. ఏమీ లేదన్నారు.

తాడు సంగతి కూడా చెప్పాలి. గొంతున్నామె ఇవ్వనంది. "నాలుగు దినాలు కూడా తిట్టలేదు నేను, అప్పుడే వాపసా?" అని కొట్లాటకు వచ్చింది. చివరికి ఇద్దరూ మేస్త్రీలయ్యారు. మడిలో ఆమె, గట్టు మీద పెద్దత్త. ఇద్దరి తిట్లు వినలేక గుంపులో వాళ్ళు, "ఆ నంబరు కొంచెం ఎక్కువగానే ఉండి ఉంటే బాగుండు" అని ఎగతాళి చేసేవారు. అందరికంటే ఎక్కువ నవ్వింది పెద్దత్తే.

ఊర్లో వాళ్ళకు గుర్తున్నది "రక్తంలో మళ్ళీ ఎక్కిందంట" అన్న మాట ఒక్కటే. తర్వాత దిగిందన్నది ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. భయపెట్టే వార్త ఇల్లిల్లూ తిరుగుతుంది. బాగున్నారన్న వార్తను ఎవరూ మోసుకుపోరు.

నేను డాక్టరును కాదు. ఆయన చెప్పింది, నేను చూసింది మాత్రమే రాస్తున్నాను. ఈ రక్త పరీక్ష అందరిలో ఒకే మాదిరి పని చేయదని కూడా ఆయన చెప్పాడు. కొందరికి గడ్డ ఉన్నా నంబరు పెరగదట. అందుకే కెమెరా పరీక్ష, స్కాను కూడా చెప్పిన కాలానికి చేయించుకోవాలని పెద్దత్తను పోరేవాడు. ఆమె రక్తానికి సంతోషంగా పోయేది. కెమెరాకు మాత్రం తిట్టుకుంటూ పోయేది. కానీ పోయేది.

తర్వాత మూడు నెలలు ఆరు నెలలయ్యాయి. పోయిన దీపావళి అయ్యాక చూపించుకున్నప్పుడు, "ఐదేళ్ళు దాటాయి అజ్జి. ఇంక మీరు నన్ను చూడటానికి ఊరికే రండి, ఏడాదికి ఒకసారి" అన్నాడు డాక్టరు. పెద్దత్త ఆయన తల మీద చేయి పెట్టి, "నీ పిల్లలు పచ్చగా ఉండనీ" అంది. ఆయనకు ఇంకా పెండ్లి కాలేదని బయట నర్సు చెప్తే, "అట్లయితే ముందు పెండ్లి చేసుకోమని చెప్పు, దీవెన ఊరికే పోతాది" అంది.

ఆమె లేదన్న దుఃఖం ఇంట్లో ఉంది. గోడ అవతల నుంచి తిట్లు వినపడని పొద్దులకు మా నాయన ఇంకా అలవాటు పడలేదు. కానీ నిజం చెప్పాలంటే, నా మనసులో దుఃఖం కంటే పెద్దది ఒకటుంది. ఆ రోగంతో మూలిగి, మంచంలో క్షీణించి పోతుందని ఒకప్పుడు భయపడిన మనిషి, ఎండలో గట్టు మీద కూర్చుని, నోటి నిండా మాట ఉండగా పోయింది. ఆ తృప్తి మీదే నా గుండె నిలబడి ఉంది. ఆమె ఎన్నాళ్ళు బతికిందో అన్నాళ్ళూ ఆమె సొంతం. రోగానివి కావు.

మొన్న దర్జీ అక్క ఇంటికి పోయి ఇదంతా చెప్పాను. ఉగాది పండగ ముందు కదా, ఆమె ఇంటి నిండా రవికె గుడ్డలే. మిషను తొక్కుతూనే వినింది. ఆపరేషన్‌కు ముందు ఆమెకు తీసిన రక్తంలో నంబరు ఎక్కువగా వచ్చింది. దాంతో బాగా ముదిరిందేమోనని ఆమె భయం. మా అత్తకు ముప్పై దాటిందని, ఒక్క ఆ నంబరుతో ఏదీ తేలదని, అది తర్వాత పోల్చుకోవడానికేనని చెప్పాను. ఆమె మిషను ఆపింది.

"నువ్వు అబద్ధం చెప్పవు, నాకి తెలుసు. కానీ మీ అత్త పోయింది గదా మే. పోయినోళ్ళ కత ఎంత బాగా చెప్పినా, వినేటప్పటికి పోయిన కతనే అయితాది. కోయించుకుని, రక్తం చూపించుకుంటా, ఈ పొద్దు సంగటి తిని తిరుగుతాండేటోళ్ళు ఎవరన్నా ఉంటే చూపీ. వాళ్ళ మాట వింటా."

"చూపిస్తే పోతావా అక్కా?"

ఆమె కుట్టు పూర్తయిన రవికెలు ఎవరివి వారికి వేరు చేసింది. చివరికి ఒక చిలకపచ్చ గుడ్డ మిగిలింది. ఎవరిదని అడిగాను. "నాదే" అంది. ఎప్పుడు కుట్టుకుంటావంటే, దాన్ని అరచేత్తో సాపు చేస్తూ, "కోసినాక ఒళ్ళు తగ్గుతాదంట గదా. ఇప్పుడు కొలత తీసుకుంటే వదులైపోతాది" అంది. అని, తాను ఏమన్నదో తనకే వినపడినట్టు గబుక్కున మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీలో ఎవరికైనా, మీ ఇంట్లో ఎవరికైనా పేగుకు ఈ ఆపరేషన్ అయి, రక్త పరీక్షలు చేయించుకుంటూ ఈ రోజు మామూలుగా తిరుగుతూ ఉంటే, దయచేసి ఒక ముక్క రాయండి. పెద్దగా అక్కర్లేదు. "నాకు కోశారు, నేను బాగున్నాను, ఈ పొద్దు ఇది వండుకున్నాను" అని రాస్తే చాలు. రాయలేనివాళ్ళు ఎవరితోనైనా రాయించండి. తెలుగులో రాసినా కన్నడలో రాసినా నేను ఆమె మిషను పక్కన కూర్చుని చదివి వినిపిస్తాను. దగ్గర ఊర్ల వాళ్ళయితే, మీరు వస్తానంటే నేనే బస్సు దగ్గరికి ఎదురొస్తాను. ఈ పత్రిక చిరునామాకు పంపితే నాకు అందుతుంది. ఉగాది ముందటి అమావాస్య లోపల మీ జవాబు రావాలి. ఆ చిలకపచ్చ గుడ్డ ఇంకా కత్తెర కింద మడత విప్పకుండా అట్లే ఉంది.